బోటాటౌంగ్ ఎడారిలో లింగరాజు

లింగరాజు ఎక్కడున్నా ఎడారిలోనే ఉంటాడు. ఏడాదికి ఐదు నెలలు వానలో నానే బర్మా నగరం యాంగోన్‌లో, బోటాటౌంగ్ రేవు పక్క సందులో, అరవై రెండో ఏట కూడా ఆయన నడిచేది ఇసకలోనే. మెడకి ఒక రేకు పెట్టె వేలాడుతుంటుంది. అందులో ఉన్న కాగితం చుట్టని వేలితో తిప్పుకుంటూ, "నలభై అడుగులు, ఎడమకి, గుంట, డేంజర్ రెండూ!" అని సందంతా అదిరేలా అరుస్తాడు. ఆ కాగితం పేరు రోడ్ బుక్. ఎడారి ర్యాలీల్లో మోటార్ సైకిల్ తోలేవాళ్లకి దారి చెప్పేది అదే. పక్కన ఒక ఆశ్చర్యార్థకం గుర్తుంటే జాగ్రత్త. రెండుంటే బండి పోతుంది. మూడుంటే మనిషే పోతాడు.

ఇదంతా ఒకే ఇంట్లో ఉండి భరించాల్సిన ప్రాణి విజయశ్రీ. లింగరాజు ఆమెకి చినమావ, పోయిన మావగారి తమ్ముడు. సైన్యంలో చేరమని కాగితం వస్తుందన్న భయంతో ఆమె భర్త గోపీకృష్ణ బ్యాంకాక్ వెళ్లిపోయాడు. ఇంట్లో మిగిలింది తనూ, అత్త అప్పలనరసమ్మా, ఈ ఎడారీ. కరెంటు వచ్చిన గంటే పండగ. మలుపు మలుపునా సైనికుల తుపాకులు. ఇరుగుపొరుగు గట్టిగా దగ్గడానికి కూడా జంకే రోజుల్లో ఈయన నడివీధిలో డేంజర్ డేంజర్ అని కేకలేస్తుంటే, విజయశ్రీ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని బతికేది.

హాల్లో సగం మోటార్ సైకిల్‌దే. రెండు వందల ముప్పై కిలోల బండి. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు ర్యాలీ బళ్లు బాగుచేసి తిరిగొస్తూ, దాన్ని ముక్కలు విప్పి పెట్టెల్లో తెచ్చుకున్నాడు. హాల్లో బిగించిన తర్వాత రెండు సంగతులు గుర్తొచ్చాయి. యాంగోన్‌లో మోటార్ సైకిళ్లు నిషేధం. పైగా అది గుమ్మంలో పట్టదు. అయినా రోజూ పొద్దున్నే దానిమీద నిలబడి, మోకాళ్లు వంచి, అరగంట తోలుతాడు.

"కాస్త కూచోరాదా చినమావయ్యా?"

"గుంటల్లో కూకుంటే నడుం ఇరుగుతాది. ర్యాలీలో ఎవుడూ కూకోడు."

"హాల్లో గుంటలేటి?"

"నీకు కనపడవులే."

భోజనాల దగ్గరా అదే గోల. "తూర్పున అన్నం! పడమట పప్పు! ఉత్తరాన మాగాయి, డేంజర్ ఒకటి! కుడిచెయ్యి పక్కన వేడి చారు, డేంజర్ రెండు!"

"వండింది నేనే, వడ్డించింది నేనే. ఎక్కడేముందో నాకు తెలీదా?" అనేది విజయశ్రీ. అప్పలనరసమ్మ మాత్రం తన మానాన పప్పు కలుపుకునేది. పక్కింటి రాధ పెళ్లిలో అయితే, "మూడు మెట్లు దిగుడు, డేంజర్ మూడు!" అన్న కేకకి పంతులుగారు మంత్రం మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చారు.

ఆయన స్వయంగా ర్యాలీ తోలింది ఒక్కసారే. ఆ కథ చివరిదాకా విన్నవాళ్లు ఊళ్లో లేరు. "నాలుగో రోజు ఇసక తుపాను. బండి నా మీద పడిపోనాది. కళ్లద్దాలు పగిలి కళ్లనిండా ఇసకే..." అనేసరికి వినేవాళ్లకి ఏదో ఒక పని గుర్తొచ్చేది. విజయశ్రీ సరిగ్గా ఆ మాట దగ్గర గిన్నెలు తోమడం మొదలెట్టేది.

రోజూ పొద్దున్న వదినని పబేడాన్‌లో ఆమె పూల కొట్టుకి దింపేది ఆయనే. ముందు ఆయన, ఆయన కేకలు. వెనక బుట్టతో అప్పలనరసమ్మ.

"ముప్పై అయిదేళ్లుగా అత్త నడిచే దారికి ఆ అరుపులెందుకు? ఎవరన్నా పట్టుకుపోతే ఏటి గతి?" అని ఒకరోజు నిలదీసింది విజయశ్రీ.

"డేంజర్ ఎంతంటావు?"

"మూడు!"

"రాసుకుంటాను," అని లింగరాజు పెన్సిల్ తీశాడు.

ఆమె భయపడిందే జరిగింది. ఒక మంగళవారం వదినని దింపి ఒక్కడూ తిరిగొస్తుంటే తనిఖీ దగ్గర సైనికులు ఆపారు. సైకా రిక్షా తొక్కే ముసలాయన వచ్చి చెప్పగానే విజయశ్రీ పరుగెత్తింది.

బల్లమీద రోడ్ బుక్ మొత్తం విప్పి ఉంది. మలుపులు, అడుగుల లెక్కలు, ప్రమాదం గుర్తులు. అంతకన్నా చిన్న కాగితాలకే మనుషులు మాయమైపోయిన వీధి అది. నడిరోడ్డు మీద, జల్లులో, లింగరాజు మోకాళ్లు వంచి, లేని హ్యాండిల్ పట్టుకుని "డ్రూం, డ్రూం" అంటున్నాడు. చుట్టూ తుపాకులు పట్టుకున్న కుర్రాళ్లు పగలబడి నవ్వుతున్నారు. ఒకడు ఫోన్లో తీస్తున్నాడు. విజయశ్రీకి తల కొట్టేసినట్టయింది.

లింగరాజు ఆమెని చూశాడు. డ్రూం ఆపకుండానే తెలుగులో అరిచాడు. "ముందర డేంజర్ మూడు! ఆగొద్దు! నన్ను సూడొద్దు! కుడికి తిరిగి వదిన కాడికెల్లు!"

అదీ ఆటలో భాగమే అనుకుని కుర్రాళ్లు ఇంకా నవ్వారు. విజయశ్రీ కుడికి తిరిగింది.

కొట్టు ముందు నిలబడేసరికి అత్త తలెత్తి, ఆమె మొహంలోకి సూటిగా చూస్తూ, "ఏటి లింగా, అప్పుడే తిరిగొచ్చీసేవు?" అంది.

"నేనత్తా."

మల్లెలు కడుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఎన్నాళ్లయింది?" అనడిగింది విజయశ్రీ.

"రెండేళ్లు. నీటికాసులంట. పోయిన సూపు తిరిగి రాదన్నాడు డాట్రు. నీకు సెప్తే కొట్టు మూయించీసి మంచం మీద కూకోబెట్టీస్తావని లింగా సేత ఒట్టేయించుకున్నాను. పూలు కట్టడానికి కళ్లెందుకే? దారికి కావాలి గాని."

"అంత అల్లరెందుకు? మెల్లిగా చెవిలో చెప్పచ్చు కదా?"

"సెవిలో సెప్తే గుడ్డిదాన్ని నడిపిస్తన్నాడని ఊరంతటికీ తెలిసిపోదా? గట్టిగా అరిస్తే ఆడే పిచ్చోడవుతాడు. ఆ మాటే అంటే 'అవనీ వదినా' అన్నాడు."

పప్పూ, మాగాయీ, పెళ్లిలో మెట్లూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి విజయశ్రీకి. తాను విసుక్కున్న ప్రతి కేకా వరసగా గుర్తొచ్చి, అక్కడే కూలబడి ఏడ్చింది.

సాయంత్రం లింగరాజు కుంటుకుంటూ వచ్చాడు. మెడలో పెట్టె లేదు. "పిచ్చోడని రాసుకుని వదిలీసేరు. ర్యాలీలో నాకిది రెండో సర్టిఫికెట్టు," అన్నాడు.

"నిజం చెప్తే పోయేది కదా?"

"సెప్తే వదిన్ని తెచ్చి రోడ్డు మీద నిలబెట్టి కళ్లు సూస్తారు," అని బండి ఎక్కి, మొట్టమొదటిసారి దానిమీద కూచున్నాడు.

విజయశ్రీ అత్తకి కంచం పెట్టింది. "తూర్పున అన్నం. పడమట పప్పు. ఉత్తరాన మాగాయి, డేంజర్ ఒకటి."

లింగరాజు కంగారుగా వదిన వైపు చూశాడు. "ఒట్టు నేను తప్పనేదు," అన్నాడు.

"తెలుసు. ఆ నాలుగో రోజు కళ్లనిండా ఇసక. తర్వాత ఏటైంది చినమావయ్యా?"

ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడిగి ఎరగరు. "ఓ మొరాకోవోడు నా పక్కకొచ్చేడు. నా బాస ఆడికి రాదు, ఆడి బాస నాకు రాదు. డేంజర్ అన్న మాటొకటే ఇద్దరికీ వచ్చు. అరవై కిలోమీటర్లు నా పక్కనే తోలుకుంటా, గొంతు పోయేదాకా అరిసేడు. ఆడి ర్యాలీ పాడైపోనాది. ఇద్దరం ఆకరునొచ్చేం. అయినా సర్టిఫికెట్టు ఇచ్చేరు."

విజయశ్రీ కళ్లు తుడుచుకుని, "ఇంక కాగితం బయటికి తియ్యొద్దు. నాకు నోటికి నేర్పండి, నేనే తీసుకెళ్తాను," అంది.

లింగరాజు బండి సీటు కిందనుంచి ఒక నోటు పుస్తకం తీసిచ్చాడు. రోడ్ బుక్ అసలు ప్రతి. మొదటి పేజీ మొదటి వరస: "బయలుదేరే చోటు. ఇంటి గుమ్మం. కోడలు." పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు.

విజయశ్రీ ఆయన వైపు చూసింది. ఆయన సైలెన్సర్ తుడవడంలో మునిగిపోయాడు. ఆమె పెన్సిల్ తీసుకుని రెండు గుర్తులు కొట్టేసి, ఒకటి ఉంచింది.

"ఏటి రాసేడే?" అనడిగింది అప్పలనరసమ్మ.

"ఏటీ నేదత్తా. గుమ్మం దగ్గర జాగర్త అని."