మామ చేసిన బ్యాటరీ ఎలిమినేటర్

పాకాలలో మా వీధి రేడియో మెకానిక్ పోయిన నెల పోయారు. అంగట్లో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. చిత్తూరు బస్సు దిగుతుంటే టీకొట్టాయన చెప్పాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. సర్వీసుకిచ్చిన నా ఎలిమినేటర్ పెట్టె ఆయన దగ్గరే ఉండిపోయిందే అని తోచింది. అలా తోచినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

చుట్టరికం లేకపోయినా ఆయన్ను మామా అనేవాణ్ణి. నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాను. మద్రాసు నుంచి ఒక ఫజ్ పెడల్ తెచ్చుకున్నాను. కాలితో నొక్కితే గిటారు గరగరమంటుంది. దాని తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ మా ఊళ్లో దొరకదు. బ్యాటరీ అక్కర్లేకుండా కరెంటుతో నడిపే ఎలిమినేటర్ చేసిపెట్టమని మామను అడిగాను. ఆయన ఆ పెడల్ విని మొహం చిట్లించారు.

"ఇదేందప్పా, చినిగిన స్పీకరు మాదిరి ఉండాది. ఈ సద్దు పోగొట్టేదానికే గదా నేను ఇన్నేండ్లుగా అంగడి పెట్టుకోనుండేది?"

అయినా ఒప్పుకున్నారు. "కరెంటుతోనే ఆడిస్తా సూడు," అని వీధిలో నలుగురి ముందూ అనేశారు. పాత రేడియో ట్రాన్స్‌ఫార్మర్, రేకు డబ్బా, ముందర ఒక ఎర్ర బల్బు, ఇదీ ఆ పెట్టె. తొలి కచేరీలో అది పాటంతా గుయ్యిమంటూనే ఉంది. ఇంకోసారి ఇట్లయితే వేరే గిటారు ఆయన్ను చూసుకుంటామన్నాడు ఆర్కెస్ట్రా యజమాని. మామకు చెప్పాను. డబ్బా తీసుకుని మూడో రోజు తిరిగిచ్చారు. గుయ్యి పూర్తిగా పోయింది. నా చోటు నిలిచింది.

"మూత మాత్రం తీయబాక, కరెంటు కొడతాది. ఆర్నెల్లకొకసారి తెచ్చియ్యి, సర్వీసు చేసిస్తా."

ఊరూరా ఆయన పనితనం చెప్పుకుని తిరిగాను. ఒక పెళ్లిలో ఎవరో ఫ్యాను కోసం నా పెట్టె వైరు పీకేశారు. ఎర్ర బల్బు ఆరిపోయింది, పెడల్ మాత్రం మోగుతూనే ఉంది. మర్నాడు అదేమని అడిగితే, మామ సోల్డరింగు పని మీంచి తలెత్తలేదు.

"కండెన్సర్లో కొంచెం కరెంటు నిలవుంటాదిలే."

"పాటంతా ఉంటాదా మామా?"

"మంచి కండెన్సరు."

నమ్మాను. ఎందుకు నమ్మానో నన్నడగొద్దు.

కర్మలు అయ్యాక అత్త పెట్టె తెచ్చిచ్చింది. "సర్వీసు అయిపోయిందని ముందురోజే చెప్పినాడు నాయనా. నాకొకటి తెలీదు. ఆర్నెల్లకొకసారి టార్చి సెల్లులు కొనుక్కొస్తాడు. మా ఇంట్లో టార్చే లేదు."

ఇకమీదట సర్వీసు నేనే చేసుకోవాలి కదా అని ఇంటికొచ్చి మూత తీశాను. లోపల ఆరు టార్చి సెల్లులు, కొత్తవి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి ఉన్నాయి. పెడల్‌కు వెళ్లే వైర్లు వాటినుంచే. ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఉంది. దానికి ఎర్ర బల్బు వెలిగించడం తప్ప వేరే పని లేదు.

చెప్పి ఉంటే సెల్లులు నేనే కొనుక్కునేవాణ్ణి. నలుగురిలో అన్న మాట పోతుందనుకున్నారా? నా పని పోతుందనుకున్నారా? కోపం వస్తోంది, ఆ కోపంలోనే ఏడుపూ వస్తోంది. ఇది మోసమంటారా? మీరే చెప్పండి. వీధిలో అందరి ముందు నేను పొగుడుతుంటే ఆయన తలొంచుకుని నవ్వేవారు. అది మొహమాటం అనుకున్నాను.

ఆదివారం చిత్తూరులో కచేరీ. మూత బిగించి పట్టుకుపోయాను. కొత్తగా చేరిన తబలా ఆయన వంగి చూశాడు. "బ్యాటరీ లేకుండా ఆడతాదంట గదా?"

"కరెంటుతోనే ఆడతాది," అన్నాను. వైరు గోడకు పెట్టాను. ఎర్ర బల్బు వెలిగింది.