తెల్ల కాన్వాసుకు పసుపు

మా ధర్మవరం వాళ్లకు బొమ్మంటే అందులో దేవుడైనా ఉండాలి, నెమలైనా ఉండాలి. రెండూ లేకపోతే వేసినవాళ్లకు పిచ్చి. హేమావతికి ముప్పై ఏళ్లుగా ఆ పేరే ఉంది. ఈ చుట్టుపక్కల మనిషి, చెట్టు, పిట్ట ఏదీ లేకుండా ఉత్త రంగులతో బొమ్మలు వేసిన మొదటి ఆడమనిషి ఆమె. పక్కింట్లో ఉండి ఈ ఊరి యవ్వారమంతా చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

పిల్లలకు మామిడికాయ గీయడం నేర్పకుండా మరకలు నేర్పుతోందని బడివాళ్లు ఉద్యోగం పీకేశారు. తాడిపత్రిలో నాలుగు బొమ్మలు పెడితే, ఒక పెద్దమనిషి "మా ఇంటికి సున్నం కొట్టేదానికి వస్తావామ్మా?" అని పళ్లికిలించాడు. ఈమె నోరు మాత్రం తక్కువదా?

"వస్తాలేప్పా. ముందు నీ మొగానికి కొడతా" అంది. దాంతో పిచ్చికి తోడు పొగరన్న పేరు కూడా వచ్చింది.

చివరికి బెంగళూరులో ఒక గ్యాలరీ ఆమె బొమ్మ అడిగింది. కుందుర్పి వైపు ఎండిన చేలల్లో తిరిగి తిరిగి వచ్చి, తెలుపు మీద తెలుపు పూస్తూ ఏళ్ల తరబడి వేసిన బొమ్మ. అందులో తెలుపు తప్ప ఇంకేమీ లేదు. ఆమె ఆశంతా దాని మీదే.

తీసుకుపోవడానికి వ్యాను వచ్చిన పొద్దున హేమావతి స్నానానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వదిన నాగలక్ష్మమ్మ, కొత్త చీరకు పెట్టినట్టే, కాన్వాసు నాలుగు మూలలా తడి పసుపు పెట్టేసింది.

"ఏం జేసినావు వదినా?"

"తెల్లగుడ్డ పసుపు లేకుండా గడప దాటితే ఇంటికి కీడమ్మే."

హేమావతి తుడిచేకొద్దీ పసుపు ఇంకా పాకింది. మగ్గం గుంటలో కూర్చున్న అన్న ఓబిలేష్ తల కూడా ఎత్తలేదు. "రవ్వంత పసుపుకే ఏడుస్తావేందే? మూలన ఎవురు సూస్తారు?" అన్నాడు.

హేమావతి లోపలికి పోయి కుంచెను తెల్లరంగులో ముంచుకొచ్చింది. మగ్గం మీద సగం నేసిన ఎర్ర పెళ్లిచీర ఉంది. దాని అంచు మీద చిటికెడంత తెలుపు పెట్టింది.

ఓబిలేష్ ఎగిరి లేచాడు. గోటితో గీకాడు, పంచెతో తుడిచాడు. రంగు పట్టులోకి దిగిపోయింది.

"నీ చేతులు పడిపోను, నా కష్టమంతా నాశనం చేస్తివి కదే" అని గొంతు చించుకున్నాడు.

"నాది కష్టం గాదా అన్నా?" అంది హేమావతి. బయటికి వచ్చి, వ్యానును ఖాళీగా పంపేసింది.