అడవిలోంచి కలిసిన రెండో గొంతు

మా అన్న సామ్యూల్‌కు వినికిడి తగ్గిపోతోంది. కొన్నాళ్లు పోతే చెవి మిషన్ పెట్టుకున్నా లాభం ఉండదని ఖమ్మంలో డాక్టర్ చెప్పాడు. ఇంటికి వస్తూ దారిలో అన్న ఒక్కటే అడిగాడు. "చెల్లె, చెవులు పూర్తిగ పోకముందు ఒక్కసారి ఆ కాలనీకి పోయొద్దామా?" ఏ కాలనీ అని నేను అడగలేదు.

వైరాలో కారు కిరాయికి మాట్లాడుకుని పొద్దున ఆరింటికి బయల్దేరాం. డ్రైవర్ యాకూబ్ రోజంతటికీ మూడున్నర వేలు తీసుకున్నాడు, డీజిల్ మాదే. తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరి ఇడ్లీ తిన్నాం. పాల్వంచ దాటాక భద్రాచలం వంతెన ఎక్కకుండా ఎడమకు తిరిగి, అశ్వాపురం మీదుగా మణుగూరు వెళ్లాలి. రోడ్డు బాగుంది గానీ బొగ్గు లారీలు ఎక్కువ. మణుగూరు దాటి అడవిలోకి మళ్లాక అన్న కారు అద్దం దించి చెవి బయటికి పెట్టాడు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో అన్న ఒక ఆర్కెస్ట్రాలో తబలా వాయించేవాడు. అడవి అంచున ఉన్న గని కార్మికుల కాలనీలో ప్రోగ్రాం ఉంటే నన్నూ వెంట తీసుకెళ్లాడు. ఆ ఆర్కెస్ట్రాలో సరళ అనే గాయని ఉండేది. సినిమా పాటలన్నీ అయ్యాక, తాను కట్టుకున్న జోలపాట మొదటిసారి పాడతానంది. పల్లవి అయిందో లేదో కరెంటు పోయింది. జనం కదల్లేదు. మైకు లేకుండానే ఆమె చరణం అందుకుంది. అప్పుడు స్టేజీ వెనక అడవిలోంచి ఇంకో ఆడగొంతు కలిసింది. ప్రతిధ్వని అనుకున్నాం. ప్రతిధ్వని వెనకాల రావాలి కదా. ఇది మాట మాటకూ ఆమెతో పాటే వచ్చింది, తర్వాత ఆమెకంటే కాస్త ముందు నడిచింది. సరళ భయపడి ఆపేసింది. ఆ గొంతు ఆపలేదు. సరళ అప్పటిదాకా ఎవరికీ వినిపించని రెండో చరణం చివరిదాకా పాడింది.

జనం పిల్లల్ని ఎత్తుకుని చప్పుడు చేయకుండా ఇళ్లకు వెళ్లిపోయారు. తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో సరళ నా చెయ్యి వదల్లేదు. "అది నా గొంతే, రూత్" అంది. మళ్లీ ఆమె స్టేజీ ఎక్కలేదు.

కాలనీకి ముందు వచ్చే గూడెంలో ఒక పెద్దామె చిన్న హోటల్ నడుపుతోంది. అన్నం, పప్పు, చింతచిగురు కూర పెట్టింది. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"ఆ పాట మేము గూడ ఇన్నం బిడ్డా. గూడెమంత బయటికొచ్చి ఇన్నది."

"తర్వాత మీ గూడెంల ఎవరో పాడిన్రనుకున్నం అవ్వా."

"మీ కాలనీల ఇద్దరు పాడుతున్నరని మేమనుకున్నం. కానీ ఒక గొంతు కాలనీలకెళ్లి వస్తుంటే, ఇంకోటి మాకూ మీకూ నడుమలకెళ్లి వచ్చింది."

"నడుమ ఏముంది?"

"ఏమున్నది, వాగు."

ఇప్పటికీ వినిపిస్తదా అని అన్న అడిగాడు. "పాడేటోళ్లు ఏరి, ఇనిపియ్యనీకి" అని ఆమె మా విస్తళ్లు తీసింది.

గని మూతపడ్డాక కాలనీ ఖాళీ అయింది. క్వార్టర్లకు తలుపులు లేవు, కొన్నింటికి పైకప్పు లేదు. టేకు చెట్లు స్టేజీ దాకా వచ్చేశాయి. మిట్టమధ్యాహ్నం, ఒక్క పిట్ట కూడా అరవలేదు. యాకూబ్ కారు దగ్గరే ఉంటానన్నాడు. అన్న మిషన్ సరిచేసుకుని స్టేజీ మీద కూర్చుని, పాడమన్నాడు.

నాకు పల్లవి, మొదటి చరణమే గుర్తున్నాయి. అవే పాడాను. అడవిలోంచి ఏమీ రాలేదు. ఎండుటాకులు కూడా కదల్లేదు. ఆపేసి అన్న వైపు చూశాను. కళ్లు మూసుకుని ఉన్నాడు. వేళ్లు సిమెంటు గచ్చు మీద తాళం వేస్తూనే ఉన్నాయి. అలా ఒక చరణం పొడుగునా వాయించి, పాట ముగించే తీర్మానం వేసి, చేతులు ఎత్తాడు. ముఖమంతా తడి.

"రెండో చరణం నీకింత మంచిగ గుర్తుందని తెల్వదు చెల్లె" అన్నాడు.

"అవ్ అన్నా, గుర్తుంది" అన్నాను. చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకొచ్చాను. "మీరు మధ్యల ఆపేసిండ్రేంది అక్కా, మంచిగ పాడుతున్నరు" అన్నాడు యాకూబ్. అన్నకు ఆ మాట వినపడలేదు.

సరళ పోయి చాలా ఏళ్లయింది. చెవులు బాగున్న నాకు వినపడనిది అన్నకు వినిపించిందంటే, అది జ్ఞాపకమని సర్దిచెప్పుకోవచ్చు. చాలా రోజులు అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారీ పాడని ఆ చరణాన్ని అన్న ఇప్పుడు ఎక్కడా తడబడకుండా కూనిరాగం తీస్తాడు, నిమ్మళంగా నిద్రపోతాడు. అది నేను పాడలేదన్న నిజం చెప్పి ఆ నిద్ర చెడగొట్టాలని లేదు. నిద్ర పట్టనిది నాకే.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. వాగు పొంగే వానాకాలం వద్దు, చలికాలంలో వెళ్లి ఎండ ఉండగానే వెనక్కి రండి. అక్కడ పాడాలనిపిస్తే, మీకు చివరిదాకా వచ్చిన పాటే పాడండి.