కండ్లు ఇంటికాడ పెట్టి

ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఒక ఊరుంది. దాని పేరు చెబితే, తమకు దక్కవలసిన కీర్తి వేరేవాళ్లకు పోయిందని చుట్టుపక్కల ఊళ్లు నొచ్చుకుంటాయి. అందుకని చెప్పడం లేదు. ఆ ఊళ్లో ఒక పెద్ద రైతింటి చిన్నకోడలు సరోజమ్మ. ఆమె చూపు ఆ వీధికంతటికీ ఉమ్మడి ఆస్తి. సూదిలో దారం ఎక్కించాలన్నా, కొర్రల్లో రాళ్లు ఏరాలన్నా, కంట్లో నలుసు తీయాలన్నా ఆడవాళ్లు ఆమె దగ్గరికే వచ్చేవారు. పెరట్లో నిలబడి దూరాన కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం చూసేది. పొగ వాలిన తీరును బట్టి, ఆరబోసిన మిరపకాయలు ఎత్తాలో వద్దో తేల్చి చెప్పేది.

అటువంటి సరోజమ్మ ఓట్లనాడు మాత్రం గుడ్డిది.

ఇది ఆ ఇంటి ఆచారం. చూపులేని ఓటరు వెంట ఒకరు తోడుగా వెళ్లి ఓటు వేసిపెట్టవచ్చునని చట్టం దయతలచింది. దయ ఉన్నచోట దాన్ని వృథా పోనివ్వని బుద్ధిమంతులూ ఉంటారు. ఒక తోడుకు ఒక ఓటరే అన్న నియమం ఉండటం వల్ల, ఇంట్లో ఎందరు ఆడవాళ్లుంటే అందరు మగవాళ్లు ఆ రోజు సేద్యం మానుకుని సేవకు సిద్ధమయ్యేవారు. వైద్యశాస్త్రం ఇంకా కనిపెట్టని ఈ జబ్బు ఆడవాళ్లకే వస్తుంది, ఓట్లనాడే వస్తుంది, పెళ్లితో అంటుకుంటుంది. సరోజమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు అత్త దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది:

"ఆ దినం కండ్లు ఇంటికాడ పెట్టి పోవల్ల పాపా. మళ్లా వచ్చినాక తీసుకోవచ్చు."

అత్త అలా చాలాసార్లు పెట్టి, తీసుకుంది. ఒకసారి మాత్రం ఓటు వేసి వచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్లడిగింది. చెంబు ఎదురుగా పెట్టారు. ఆమె చెయ్యి చెంబును దాటి గాలిలో తడుముకుంది.

"ఇంక చాల్లే అత్తా, ఓట్లైపాయె," అని పెద్దకోడలు తిరుపాలమ్మ నవ్వింది.

అత్త నవ్వలేదు. ఆ చూపు మళ్లీ రాలేదు. పోయేదాకా ఆ అరుగు మీదే కూర్చుని, ఉన్నట్టుండి ఉలిక్కిపడి, "ఎవురబ్బా నా చెయ్యి పట్టుకున్యాది? ఇడవండి," అనేది. చెయ్యి ఎవరూ పట్టుకుని ఉండేవారు కాదు.

ముసలితనమన్నారు. ముసలితనం చాలా సౌకర్యమైన కారణం. ఎవరి మీదా నింద పడదు.

సరోజమ్మ భర్త పోయాక ఆమెకు తోడు వెళ్లే బాధ్యత బావ నారాయణరెడ్డి, అంటే తిరుపాలమ్మ భర్త, నెత్తిన వేసుకున్నాడు. కిందటి ఎన్నికల్లో ఆయన ఆమె చెయ్యి పట్టుకుని బడి గదిలోకి తీసుకుపోయి, ఓటు తానే నొక్కి, బయటికి తెచ్చి వదిలాడు. ఎండ ముఖానికి తగిలింది. వెలుతురు తగల్లేదు. సరోజమ్మ గోడ పట్టుకుని ఇల్లు చేరింది, ఎవరికీ చెప్పలేదు. గోటి మీది సిరా గీత కొద్దికొద్దిగా కొస వైపు జరిగింది. జరిగిన మేరకే చూపు తిరిగి వచ్చింది. గీత ఉన్న గోరు కత్తిరించిన రోజున పొగగొట్టం పూర్తిగా కనపడింది.

ప్రొద్దుటూరులో కండ్ల డాక్టరు దీపం వేసి చూసి, ఏ లోపమూ లేదన్నాడు.

"ఎప్పుడు కనపడదమ్మా?"

"ఓట్ల దినం సార్."

"మిగతా దినాలు?"

"చీమ కాళ్లు గూడా కనపడతాయి."

డాక్టరు కాసేపు ఆలోచించి చుక్కల మందు రాశాడు. ఓట్లు రావడానికి ఇంకా టైముంది, కంగారు పడవద్దని ధైర్యం కూడా చెప్పాడు.

పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచి పదవి ఆడవాళ్లకు కేటాయించారు. నారాయణరెడ్డి స్త్రీజాతి అభ్యున్నతి గురించి దీర్ఘంగా ఆలోచించి, స్త్రీజాతి మొత్తంలో తన భార్యే తగినదని తేల్చాడు. అవతలి వర్గం పెద్దమనిషి ఆలోచన కూడా సరిగ్గా అదే దారిన నడిచి అతని భార్య దగ్గర ఆగింది.

ప్రొద్దుటూరు కాలేజీలో పాఠాలు చెప్పే సుప్రియ, సరోజమ్మ కోడలు, ఆదివారం వచ్చింది.

"అత్తా, ఇన్నాళ్లకు మనకొక సీటొచ్చింది. ఆడోళ్లకు ఆడోళ్లం ఏసుకోకుంటే ఇంకెవురేస్తారు?"

"నిలబడినోళ్లిద్దరూ ఆడోళ్లే కదే. యా ఆడదానికెయ్యాల?"

"పెద్దత్త మన మనిషి కదా."

"పెద్దత్త నిలబడిందని ఎవురు చెప్పినారు నీకు? బయట గోడ మీద చూసిరా పో."

గోడ మీది పోస్టరులో నారాయణరెడ్డి నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. మూలన, ఉంగరం గుర్తు పక్కన, ఉంగరం కన్నా చిన్నగా తిరుపాలమ్మ. పెళ్లిఫోటోలోంచి కత్తిరించిన ముఖం. కళ్లు మూసుకున్నప్పుడు తీసిన ఫోటో.

సుప్రియ చూసి వచ్చి కూడా తగ్గలేదు. "ఈపొద్దు పేరొస్తాది. రేపు మనిషొస్తాది. మొదలు ఎవురో ఒకరు ఆ కుర్చీలో కూర్చోవల్ల కదత్తా."

అందులో న్యాయం ఉందని సరోజమ్మకు తోచింది. కానీ ఆమె, పోయిన తన అత్త కూర్చునే అరుగు వైపు చూస్తోంది. "పేరొచ్చి మనిషి రాకుంటే?" అంది. సుప్రియ సంచి సర్దుకుంది. ఆమె ఓటు ప్రొద్దుటూరులో ఉంది కాబట్టి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఓట్ల ముందు రోజు సరోజమ్మ వంటింట్లోకి వెళ్లింది. అభ్యర్థి తిరుపాలమ్మ ప్రచారానికి పోలేదు. ప్రచారానికి పోయినవాళ్లకు సంగటి కెలుకుతోంది.

"అక్కా, రేపు మనిద్దరం ఒంటిగా పోదాం. తోడొద్దు."

"పిచ్చి పట్టిందా ఏంది నీకు? మీ బావ ఊరుకుంటాడా?"

"అత్త మాదిరైపోతామక్కా. పోయిన తూరి నాకు శానా దినాలు చూపే లేదు."

తిరుపాలమ్మ చేతిలో తెడ్డు ఆగింది. "నీగ్గూడానా?" అంది, గొంతు తగ్గించి.

సంగటి అడుగంటుతున్న వాసన వచ్చింది. తిరుపాలమ్మ మళ్లీ తెడ్డు తిప్పింది.

"నువ్వు కండ్లు తెచ్చుకుంటే నా ఓటు నీకే అక్కా. ఆడదానివని కాదు. చూస్తావని."

"తెచ్చుకోకుంటే?"

"అవతలామెకేస్తా."

"ఆయమ్మకు మాత్రం ఉన్యాయా కండ్లు?"

"లేవేమో. ఏసే నాకన్నా ఉండల్ల కదా."

మర్నాడు సరోజమ్మ పెరట్లోకి వచ్చేసరికి పొగగొట్టం లేదు. ఆకాశమూ లేదు. వీపు మీద ఎండ కాలుతోంది, కోళ్లు అరుస్తున్నాయి, ఎటు చూసినా మసి. ఈసారి గుడ్డితనం పోలింగు బూతుకు పోకముందే వచ్చింది. ఇంకోసారి చెయ్యి ఇస్తే ఇది తిరిగి పోదని ఆమెకు అర్థమైంది. గోడలు తడుముకుంటూ బడికి నడిచింది.

ఆడవాళ్ల వరసలో నిలబడింది. ఒక్కొక్క గాజుల చప్పుడు పక్కన ఒక్కొక్క జత మగచెప్పుల చప్పుడు.

"వచ్చినావా సరోజా," అని నారాయణరెడ్డి గొంతు. "ఈపొద్దు నేను మీ అక్కకు పోవల్ల. నీకు మా చిన్నాయన కొడుకును పెట్టినా."

"వద్దు బావా. నాకు కనపడతాంది."

"ఏందీ?"

"కనపడతాంది అంటాండా."

కళ్లున్నన్నాళ్లూ కనపడదని చెప్పిన మనిషి, కనపడనినాడు కనపడుతుందని చెప్పింది. రెండూ అబద్ధాలే. మొదటిదాన్ని మాత్రం ఊరంతా నమ్మింది. పోలీసు దగ్గర్లోనే ఉండటంతో నారాయణరెడ్డి, "ఇంటికాడ మాట్లాడదాంలే," అని ఊరుకున్నాడు.

ముందున్న గాజులు తిరుపాలమ్మవని సరోజమ్మ గుర్తుపట్టింది. "అక్కా," అని చెయ్యి చాపి మణికట్టు కోసం వెతికింది. అక్కడ అప్పటికే ఒక పెద్ద చెయ్యి, వేళ్ల మీద వెంట్రుకలతో, బిగించి ఉంది. సరోజమ్మ తన చెయ్యి వెనక్కి తీసుకుంది. తిరుపాలమ్మ గాజులు ముందుకు కదిలాయి. ఎన్నికల అభ్యర్థి తనకు తాను ఓటు వేసుకోవడానికి, తోడుతో, లోపలికి వెళ్లింది.

"తోడెవరమ్మా?" అన్నాడు లోపలి అధికారి, ఆ ఊరి నీళ్లలో ఏదో ఉందని అప్పటికే నిశ్చయించుకున్న గొంతుతో.

"ఎవురూ లేరు సార్."

"కనపడుతుందా?"

"కనపడతాంది."

సిరా చల్లగా తగిలింది. కాగితం, ముద్ర చేతికిచ్చారు. అట్టపెట్టె చాటున సరోజమ్మ కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని నిలబడింది. ఏమీ లేదు. అధికారి దగ్గాడు. ఆమె కదల్లేదు. తన కుడిచేతిని ఎడమచేత్తో తడిమి చూసుకుంది. దాని మీద ఎవరి చెయ్యీ లేదు. అప్పుడు ఆ మసిలో ఒక మరక కదిలింది. మరకకు రెండు కాళ్లు వచ్చాయి. కత్తెర. అవతలి వర్గం గుర్తు. పైన ఉంగరం. ఆ రెంటినీ ఆమె చాలాసేపు చూసింది. ఓటు కాగితాన్ని చూడటం ఆమెకు అదే మొదలు. కత్తెర మీద ముద్ర గుద్ది బయటికి వచ్చేసరికి పొగగొట్టం దాని చోటులో అది ఉంది. పొగ ముద్దనూరు వైపు వాలింది.

సరోజమ్మ ఓటుతో పని లేకుండానే తిరుపాలమ్మ గెలిచింది. దండలు నారాయణరెడ్డి మెడలో పడ్డాయి. తిరుపాలమ్మను అరుగు మీద కూర్చోబెట్టి హారతిచ్చారు. ఆమె హారతి కళ్లకద్దుకోవడానికి చెయ్యి చాపి, పళ్లేన్ని దాటి గాలిని తడిమింది.

అది సరోజమ్మ ఒక్కతే చూసింది. సర్పంచికి చూపు లేదన్న సంగతి ఊరికి తెలియడానికి చాలా కాలం పట్టింది. దేన్నైనా చూడమని ఆమెను ఎవరూ అడగలేదు మరి. సంతకం చోటు మీద భర్త ఆమె వేలు పెట్టేవాడు. పరిపాలన సజావుగా సాగింది.

ఒక మధ్యాహ్నం తిరుపాలమ్మ గోడ పట్టుకుని సరోజమ్మ గదికి వచ్చింది, పైట కింద ఒక కాగితంతో.

"సంతకం పెట్టమంటాండాడు. ఏముందో చదువు సరోజా. చదివినాకనే పెడతా."

సరోజమ్మ కాగితం అందుకుంది.

"ఆ దినం నాకేసినావా?"

"లేదక్కా."

తిరుపాలమ్మ నవ్వింది. "నేనూ ఏసుకున్యానో లేదో ఎవురికి తెలుసు. గుద్దిన చెయ్యి నాది కాదు గదా." తర్వాత నవ్వు ఆపి, మణికట్టు లాక్కుంటున్నట్టు కదిలించింది. "చదువు గానీ, ముందు నా చెయ్యి ఇడువు. నొస్తాంది."

సరోజమ్మ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.