అరుణక్క కొన్న రెండు డిస్కుల పెట్టె

కొత్త స్టోరేజీ పెట్టెకు కరెంటు ఇవ్వగానే లోపలి డిస్కులు సన్నగా గరగరమంటూ తిరగడం మొదలుపెడతాయి. మొన్న నల్లగొండలో ఒక డాక్టరుగారి ఇంట్లో అలాంటిది బిగిస్తూ ఆ చప్పుడు విని కాసేపు చేతిలో పని ఆపాను. ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లలో ఉన్న ఫొటోలన్నీ ఒక్కచోట దాచుకోవడానికి ఆయన దాన్ని తెప్పించుకున్నారు. ఇలాంటి పెట్టెను నేను మొదట చూసింది దేవరకొండలో, అరుణక్క స్టూడియోలో.

తెలంగాణ వచ్చిన కొత్తలో, డిగ్రీ అయిపోగానే ఆమె దగ్గర పెళ్లి వీడియోలు ఎడిటింగు చేసే పనిలో చేరాను. అరుణక్కకు అప్పటికి నలభై దాటాయి. కెమెరా భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ స్కూటీ మీద తిరిగేది. మనిషి పొడిగా మాట్లాడేది. మెచ్చుకోవడం తక్కువ, తిట్టడం అంతకన్నా తక్కువ. తీసిన పెళ్లిళ్లన్నీ విడివిడి డిస్కుల్లో, టేబుల్ సొరుగుల్లో పడి ఉండేవి. ఒకరోజు వాటిలో ఒకటి పనిచేయడం మానేసింది. అందులోవి వేరేచోట కూడా ఉండబట్టి బతికిపోయాం. ఇక లాభం లేదు, అన్నీ ఒకేచోట పెడదామని అక్క నిర్ణయించింది.

పాత కంప్యూటరునే అన్నీ దాచే సర్వరుగా మార్చుదామని నేనన్నాను. ఎలా చేయాలో చదివి పెట్టుకున్నాను కూడా. అక్క అంతా విని ఒక్కటే అడిగింది. "నువ్వు ఊరికి పోయిననాడు గిది ఆగిపోతే, నేను ఎవరిని పిలవాలె?" చివరికి రెండు డిస్కులు పట్టే రెడీమేడ్ పెట్టె తీసుకున్నాం. ఒక డిస్కు పోయినా రెండోదానిలో అంతా ఉంటుందని, ఇక ఫికర్ లేదని హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మకందారు చెప్పాడు. ఇద్దరం నమ్మాం. అతను చెప్పింది అబద్ధమేమీ కాదు. కాకపోతే అది సగం మాట.

మిగతా సగం రెండేళ్ల తర్వాత తెలిసింది. వీడియోలను ఊళ్లవారీగా సర్దుతున్న అక్క, రెండుచోట్ల ఉందనుకుని ఒక పెళ్లి ఫోల్డరును తీసేసింది. కొన్ని వారాలకు లింగమ్మ అనే ఆమె ఆ పెళ్లి వీడియో కోసమే కబురు పంపింది. వాళ్లది గొర్లు కాసే కుటుంబం. ఆమె భర్త మల్లయ్య చనిపోయాడు. కూతురి అప్పగింతలప్పుడు ఆయన నాలుగు మాటలు మాట్లాడాడు. మేమిచ్చిన సీడీ గీతలు పడి ఆడడం లేదట, ఏడాది మాసికం నాడు ఆ మాటలు వినాలట. వెతికితే ఎక్కడా లేదు. ఒక డిస్కులో ఏం జరిగితే రెండోదానిలోనూ అదే జరగడం ఆ పెట్టె పద్ధతి. రాసినా అంతే, తుడిచినా అంతే. డిస్కులను హైదరాబాదు తీసుకుపోయి చూపించాం. ఆ జాగాలో వేరే పెళ్లిళ్లు ఎక్కేశాయి, రాదని తేల్చేశారు.

మరునాడే అక్క నన్ను వెంటబెట్టుకుని లింగమ్మ ఊరికి బయల్దేరింది. దారిలో స్కూటీ ఆపి నీళ్లు తాగుతూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "డిస్కు ఖరాబైందని చెప్పొచ్చు. చెప్తే నమ్ముతరు. అందుకే చెప్పొద్దు."

లింగమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. అక్క ఆమె ఎదురుగా కింద కూర్చుంది. "నేనే తుడిపేసిన లింగమ్మా. మిషన్ తప్పు కాదు, నాదే" అంది. కొడుకు శ్రీశైలం గట్టిగా తగులుకున్నాడు. మీకు అది బొమ్మేమో గాని మాకు మా నాయిన అన్నాడు. అతను అలిసిపోయాక లింగమ్మ నెమ్మదిగా అడిగింది. "అయితే ఆయన మాట ఇగ యాడ లేదా?"

లేదని అక్క అనలేదు. చుట్టాల్లో ఎవరెవరి దగ్గర ఫోన్లున్నాయో అడిగింది. ఆ తర్వాత పని లేని రోజుల్లో వాళ్ల చుట్టాల ఊళ్లు తిరిగాం. ఆయన గొంతు ఉన్నవి తక్కువే దొరికాయి. అంగట్లో మేకపిల్లను బేరం చేస్తూ వెనక్కి తిరిగి ఉన్న ఒక వీడియో, ఎవరి పుట్టినరోజులోనో పక్కన దగ్గు, కూతురికి పంపిన ఒక వాయిస్ మెసేజు. "బిడ్డా, గొర్లు ఇంటికి మర్లినయి. నేను తిన్న. నువ్వు తిన్నవా?"

మాసికం నాడు వాటినే కూర్చి వినిపించాం. లింగమ్మ చివరిదాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. "పెండ్లిల అందరి ముంగట మాట్లాడిండు. గిది ఇంట్ల మాట" అంది. కూతురు మాత్రం మాతో మాట్లాడలేదు. ఆమెకు కావాల్సింది తన పెళ్లి నాటి మాటలు, అవి రావు. ఆ తర్వాత ఆమె మా స్టూడియో గడప తొక్కలేదు. అది న్యాయమేనని అక్క అనేది.

అప్పటినుంచి, పెట్టెలో తుడిచినా పోకుండా మూడో డిస్కు ఒకటి హాలియాలో అక్క చెల్లెలి బీరువాలో ఉండేది. నెలకోసారి దాన్ని బస్సులో తెచ్చి, కొత్తవి ఎక్కించి, ఏదో ఒక పెళ్లి తెరిచి ఆడించి చూసి, మళ్లీ పంపేవాళ్లం. ఆడించకుండా పంపడానికి అక్క ఒప్పుకునేది కాదు.

అరుణక్క కరోనా తర్వాత జబ్బు చేసి పోయింది. స్టూడియో మూతపడింది. ఎవరి పెళ్లిళ్లు వాళ్లకు చేర్చి నేను నల్లగొండకు వచ్చి ఈ పెట్టెలు బిగించే పనిలో పడ్డాను. ఎంత పెద్ద పెట్టె కొనాలని అందరూ అడుగుతారు. ఇందులో ఏది పోతే ఎవరి ఇంటికి వెళ్లి చెప్పాల్సి వస్తుందో ముందు చూసుకోండి అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు ఆలోచిస్తారు. ఎంత జాగ్రత్తపడ్డా ఈ పనిలో అప్పుడప్పుడు ఏదో ఒకటి పోతుంది. నా చేతిలో పోయినప్పుడు, వాళ్లు అడగకముందే వెళ్లి ఎదురుగా కూర్చుంటాను. మొదటి మాట 'నేనే' అయ్యేలా చూసుకుంటాను. ఇన్నేళ్లయినా అది సులువు కాలేదు.