మౌసు లాక్కునే అన్న

చిలమత్తూరులో కంప్యూటర్ సెంటర్ నడిపిన అన్నకు ఒక అలవాటు ఉండేది. నేను కాస్త తడబడితే చాలు, "ఇట్లియ్యమ్మా" అంటూ మౌసు లాక్కునేవాడు. పాత వీడియోగేముల్లో బొమ్మలు మార్చడం నాకు నేర్పింది ఆయనే, కాదనను.

అట్లాంటి ఒక గేములో గోతులు దూకే కత్తివీరుణ్ని చెరిపి, మూడు నెలలపాటు చుక్క చుక్కగా, బిందె ఎత్తుకున్న పిల్లను గీశాను. ఒకరోజు తెరిస్తే మళ్లీ కత్తివీరుడే.

"నా పిల్ల ఏదన్నా?"

"బొమ్మ చెడిపోయుండాదని సరిచేసి, దానిమీదే సేవ్ చేసినా. యాడన్నా ఆడపిల్ల బిందెతో గోతులు దుంకుతాదా తల్లీ?"

ఒళ్లు మండిపోయింది. నీళ్ల ట్యాంకరు వస్తే మా వీధిలో ఆడపిల్లలం కాలువలు దూకేది బిందెలతోనే.

ఆ రోజు డైరీలో ఆయన్ను నాలుగు పేజీలు తిట్టాను. ఎదురుగా అన్నది మాత్రం, "థ్యాంక్సన్నా."