నీళ్ళు పోసి చూసే డాక్టరుగారు

కడుపు జబ్బుల మీద పరిశోధనకని అరకు వచ్చిన మా పెద్ద డాక్టరుగారు, సంతలో మేకపేగులు కొని తెచ్చి కుర్ర డాక్టర్లమైన మాకు కుట్లు నేర్పేవారు. కుట్టిన పేగులో నీళ్ళు పోసి పైకెత్తేవారు. చుక్క కారితే, "మనిషి పోయాడయ్యా" అనేవారు.

ఆ వానాకాలం అనంతగిరి కొండల్లోంచి పేగుకు చిల్లుపడిన మనిషిని డోలీలో మోసుకొచ్చారు.

"దారిలో ఏమైనా పట్టావా అమ్మా?" అని అడిగారు డాక్టరుగారు.

"దారి పొడుగునా అంబలి పట్టాను బాబూ, సత్తువుంటాదని," అంది అతని భార్య.

పొట్ట కోస్తే, చిల్లులోంచి కారిన అంబలి లోపలంతా నిండి, చీము పట్టి ఉంది. ఆయన కడిగి కుట్టారు. కుట్టులోంచి చుక్క కారలేదు. మర్నాడు మనిషి పోయాడు.

"ఆకలితో పోనేదు గదా బాబూ?" అందామె.

"లేదమ్మా. మంచి పని చేశావు," అన్నారు డాక్టరుగారు.

మరుసటి సంతకి మేమే పేగులు తెచ్చి, కుట్టి, ఆయన ముందు పెట్టాం. ఆయన నీళ్ళు పోయలేదు.